ఎడమ తొక్కుడు

"క్లచ్చు ఎవడో ముట్టుకున్నాడు. వాడెవడో ఈ రోజు తేలిపోవాలి" అన్నాడు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ బదర్, అరబ్బీలో, కారు అమ్ఘరా రోడ్డెక్కగానే. తేలితే వాడికి నివాస కార్డు ఇఖామా రద్దు, అటునుంచటే విమానం అని కూడా చెప్పాడు.

"సరే బాబా" అన్నాడు డ్రైవర్ మునీంద్ర వినయంగా. ముట్టుకున్నది తనే.

వాళ్ళు కూర్చున్నది అరవై తొమ్మిది నాటి అమెరికా కారు. తలుపులు రెండే, ముందు భాగం మాత్రం నవ్వారు మంచమంత. బదర్ తండ్రి దాన్ని కొడుకుల కంటే ఎక్కువగా చూసుకున్నాడు. ఆయన పోయాక, వారానికోసారి తుడిచి ఇంజను పది నిమిషాలు తిప్పి ఆపే పని మునీంద్రకు పడింది. మునీంద్ర బుద్ధిమంతుడు. తుడిచాడు, తిప్పాడు. ఊరికే నిలబెట్టి తిప్పడమెందుకని ఫహాహీల్ దాకా తిప్పాడు.

అక్కడ ఓ ఇంట్లో అతని భార్య వెంకటేశ్వరి వంట చేస్తుంది. శుక్రవారం ఆమెకు మూడు గంటల సెలవు. ఆ మూడు గంటలూ సముద్రం పక్క రోడ్డు మీద మహారాణిలా తిరుగుతుంది. చిక్కల్లా క్లచ్చుతోనే. అది తొక్కడమంటే రోలును కాలితో నెట్టడమే. రెండు నెలలకు మునీంద్ర ఎడమ మోకాలు బూరెలా వాచింది. పెళ్ళానికి చెబితే బస్సులో పోదామంటుంది. అందుకని చెప్పలేదు. గుట్టుగా పెడల్‌కు అతుకు వేయించి, లోపల నాలుగు సామాన్లు మార్పించాడు.

నిన్న కఫీల్‌కు ఏం బుద్ధి పుట్టిందో, షెడ్డులో ఆ కారెక్కి క్లచ్చు తొక్కి చూశాడు. చిన్నప్పుడు రెండు కాళ్ళతో ఎక్కి నిలబడినా కదలనిది, పాదం పెట్టగానే అణకువగా దిగిపోయింది.

అమ్ఘరా పాత సామాన్ల దొడ్లలో ఖాసిం వలిని మించినవాడు లేడు. ఇనుప ముక్క చేతిలో పెడితే చాలు, అది ఏ బండిదో, ఏ ఏటిదో చెబుతాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని పేరు. కానీ మనిషి రాయచోటివాడు. ఆ సంగతి తెలియగానే మునీంద్రకు ప్రాణం లేచొచ్చింది.

ఖాసిం వలి స్టీరింగు కింద తల దూర్చాడు. కఫీల్ చేతులు కట్టుకుని వెనకే నిలబడ్డాడు. మునీంద్ర టార్చి పట్టే మిషతో పక్కన చేరాడు. తెలుగులో కాళ్ళు పట్టుకుందామంటే ఒక ఇబ్బంది ఉంది. కఫీల్‌కు అరబ్బీతో పాటు ఇంగ్లీషు వచ్చు, సినిమాలు చూసి చూసి హిందీ కూడా వచ్చు. ఖాసిం వలి తెలుగులో సగం ఉర్దూ, మిగిలినదాంట్లో సగం ఇంగ్లీషు. అవన్నీ తీసేస్తే అతనికి మిగిలేది దగ్గొక్కటే.

"అన్నా, మాది మీ పక్కనే గాలివీడు. అచ్చ తెలుగులో మాట్లాడు. ఈ గుమ్మడికాయకు మూడు బాసలొచ్చు" అన్నాడు మునీంద్ర, భక్తిగా మొహం పెట్టి.

ఖాసిం వలి కాసేపు మాటలు వెతుక్కున్నాడు. క్లచ్చు పెడల్ 'ఎడమ తొక్కుడు' అయింది. స్ప్రింగు 'చుట్టల తీగ' అయింది. రాడ్డు ఊచ అయి ఊరుకుంది. ఎడమ తొక్కుడు కాడకు నాలుగు వేళ్ళ పొడవు అతుకుంది, చుట్టల తీగ ఏదో చిన్న సరుకుల బండిది, ఊచ ఇంకో బండిది, తొక్కుడు మీది మెత్త నిరుడు తన దొడ్లోనే అమ్మింది అని ఒక్కొక్కదాన్నీ వేలితో తట్టి చెప్పాడు. ఇదంతా మోకాలు నొప్పి ఉన్నవాడి పని అని కూడా తేల్చేశాడు.

"ఎవురిదిరా ఆ మోకాలు?"

"నాదే అన్నా. సెలవునాడు నా పెండ్లాన్ని తిప్పకస్తా." శుక్రవారం అనబోయి నాలుక కరుచుకున్నాడు. హిందీలోనూ దాదాపు అదే మాట.

"పెండ్లామేనా, ఇంగెవురన్నానా?"

"తాళి గట్టినామే అన్నా. నన్ను ఊరికి తోలేస్తే ఆ మనిషి ఈడ ఒంటిదైపోతాది."

ఆ మాట మాత్రం మునీంద్ర నటించలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందేమో. ఆ మూడు గంటలు పోతే అతను బతకలేడు.

ఖాసిం వలి ఆ అతుకును ఇంకోసారి వేలితో తడిమాడు. ముప్పై ఏళ్ళ పేరు ఒకవైపు, గాలివీడు మోకాలు ఒకవైపు.

"పెండ్లాం కోసరం ఇంత తెగించినోన్ని నేను యాడా సూడలేదు. నీ గుమ్మడికాయ సంగతి నేను సూసుకుంటా" అని గొణిగి, లేచి, గడ్డం సవరించుకుని అరబ్బీలోకి మారాడు.

పెద్దాయనే ముసలితనంలో మోకాలు నొప్పికి తాళలేక తన దగ్గరికి వచ్చి ఇవన్నీ వేయించుకున్నాడనీ, కొడుకులకు తెలిస్తే కారు తోలనివ్వరని దాచమన్నాడనీ చెప్పాడు. అల్లా సాక్షిగా అనడానికి మాత్రం నోరు రాలేదు. తన తెల్ల గడ్డం సాక్షిగా అన్నాడు.

కఫీల్ రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదిరాయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తండ్రి గుర్తొచ్చాడు పాపం అనుకుని మునీంద్ర తల దించుకున్నాడు. ఖాసిం వలి అయితే కఫీల్ వీపు నిమిరి ఓదార్చాడు.

"ఖలాస్" అన్నాడు కఫీల్ కళ్ళు తుడుచుకుని. క్లచ్చు ఎలా ఉందో అలాగే ఉండనిమ్మన్నాడు.

"బతికినాం అన్నా, నమ్మేసినాడు" అని ఖాసిం వలికి చెప్పి, మునీంద్ర పరిగెత్తి కఫీల్‌కు తలుపు తీసి పట్టుకున్నాడు.

కఫీల్ లోపలికి ఒక కాలు పెట్టి ఆగి, పుట్టిన్నాటి నుంచి పదేళ్ళు తనను చంకనేసుకుని పెంచిన రాయచోటి ఆయా తిరుపాలమ్మ యాసలో, "మునీంద్రా, ఈ సుక్కురారం మీ మొగుడూ పెండ్లాలతో బాటు నన్ను గూడా ఎక్కిచ్చుకోరా, ఎనక సీట్లో నోరు మూసుకోని కూసుంటా" అన్నాడు.