గళ్ళచొక్కా

"కాస్త తల దువ్వి పెట్టండి. నాలుగింటికి ఆయన వస్తారు," అంది భార్య.

దర్జీ దువ్వెన అందుకున్నాడు.

ఆమె ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయని డాక్టర్లు చేతులెత్తేసి ఏడాదైంది. ఆ రోజే బజారులో కొట్టు మూసేసి, కుట్టుమిషను ఇంటి ముందుగదిలోకి తెచ్చుకున్నాడతను. ఆమెకు స్నానం చేయించేదీ, పక్కబట్టలు మార్చేదీ, జావ తాగించేదీ, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం సరిచేసేదీ అంతా అతనే. ఒక్కనాడూ విసుక్కోలేదు.

కానీ పరాయి మగాడి రాక కోసం పెళ్ళానికి జడ వేయడం మాత్రం అతనికి మింగుడుపడలేదు.

సరిగ్గా నాలుగింటికి గళ్ళచొక్కా వచ్చాడు. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి వస్తాడు. అరవై దాటిన మనిషి. దర్జీ అతని పేరు అడగలేదు, చొక్కాను చూసి తనే ఓ పేరు పెట్టేశాడు.

"బాగున్నారా మాస్టారూ? అన్నం తిన్నారా?"

"మా ఇంట్లో నేను తినడానికేం," అన్నాడు దర్జీ తలెత్తకుండా.

గళ్ళచొక్కా నవ్వి, లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

దర్జీ కంటికొలత ఎప్పుడూ తప్పదు. ఛాతీ ముప్పైఆరు కూడా ఉండదు. భుజాలు జారిపోయాయి. చొక్కా రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉంది, అదీ వంకరగా. ఇంట్లో పెళ్ళాం పట్టించుకోని మగాళ్ళే ఇలా ఊరివాళ్ళ ఇళ్ళ మీద పడతారని తీర్మానించేశాడు.

లోపల్నుంచి నవ్వు వినిపించింది.

తనతో రెండు మాటలాడితే ఆయాసపడే మనిషి, ఊపిరి కూడదీసుకుని మరీ నవ్వుతోంది.

మిషను ఆపి చెవి రిక్కించాడు. మాటలు అందలేదు. మళ్ళీ తొక్కాడు. కుట్టు పక్కకు పోయింది.

సాయంత్రం మాత్రలు చేతిలో పెడుతూ అడిగాడు.

"ఎవరతను?"

"తెలిసినాయన."

"ఎప్పట్నుంచి?"

"మీ తర్వాతేలెండి," అంది కళ్ళతో నవ్వుతూ.

"అంతసేపు ఏం మాట్లాడుకుంటారు?"

ఆమె మాత్రలు గుప్పిట్లోనే ఉంచుకుంది.

"చెప్తే వింటారా? నేను పోయాక..."

"ముందు మాత్ర మింగు."

ఆ ఊసు ఎప్పుడెత్తినా దర్జీ అక్కడికక్కడే తుంచేస్తాడు. ఆమె మాత్రతో పాటు మాట కూడా మింగేసింది.

శుక్రవారం లోపల్నుంచి ఏడుపు వినిపించింది. తలుపు సందులోంచి చూశాడు. ఆమె చెయ్యి గళ్ళచొక్కా చేతుల్లో ఉంది.

ఈ ఏడాదిలో తన ముందు ఆమె ఒక్కసారీ కంటతడి పెట్టలేదు. నవ్వు పోతే పోయింది, చివరికి ఏడుపు కూడా పరాయివాడికేనా అనుకున్నాడు దర్జీ.

గళ్ళచొక్కా బయటికొచ్చేదాకా ఆగి, గేటుదాకా వెంట నడిచాడు.

"ఇక మీరు రావద్దు."

"ఆవిడ చెప్పమన్నారా?"

"నేను చెబుతున్నాను. మాట్లాడి మాట్లాడి ఆమెకు ఆయాసం ఎక్కువవుతోంది. ఆమెను చూసుకోడానికి నేనున్నాను. ఇంకెవరూ అక్కర్లేదు."

గళ్ళచొక్కా ఏదో చెప్పబోయి, ఆమె గది కిటికీ వైపు చూసి ఆగిపోయాడు.

"మీలా చూసుకునేవాళ్ళు అరుదు మాస్టారూ," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆ పూట దర్జీ కడుపునిండా తిన్నాడు.

మంగళవారం ఆమె మళ్ళీ తల దువ్వించుకుంది. నాలుగైంది. అయిదైంది.

"రాలేదేం?"

"ఏమో. పనేదైనా పడిందేమో."

శుక్రవారమూ అంతే.

"మాటిచ్చి తప్పే మనిషి కాదే," అంది వాకిలి వైపు చూస్తూ.

దర్జీ జావ చల్లారుస్తూ తల దించుకున్నాడు. నిజం గొంతుదాకా వచ్చింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం, అతను దిండు సరిచేస్తుండగా ఆమె ఊపిరి ఆగిపోయింది.

చివరిచూపుకు వచ్చిన జనంలో, గేటు అవతల గళ్ళచొక్కా కనిపించాడు. దర్జీ ముఖం తిప్పుకున్నాడు.

నెల తిరిగాక ఆక్సిజన్ మిషను తీసుకెళ్ళడానికి నర్సు వచ్చింది. వారం వారం ఇంటికొచ్చి ఆమెను చూసివెళ్ళిన అమ్మాయి. ముందుగదిలో కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. దర్జీ గడ్డం మాసిపోయి ఉంది.

"ఇలా అయిపోయారేంటి బాబాయ్? ఆయన రావడం లేదా?"

"ఎవరు?"

"మంగళవారం, శుక్రవారం వచ్చేవారే, ఆయన."

"నేనే రావద్దన్నాను."

వైరు చుడుతున్న నర్సు చేతులు ఆగిపోయాయి.

"అదా సంగతి. ఇక్కడ తన అవసరం లేదని, ఇల్లు ఖాళీ చేసి మొన్ననే కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. చాలా దూరం. ఆ అమ్మాయి ఎప్పట్నుంచో రమ్మంటోంది. పిన్నికిచ్చిన మాట కోసమే ఇన్నాళ్ళూ ఆగారు."

"ఏం మాట? అసలెవరమ్మా అతను?"

"పిన్నే నన్ను వెతకమంది. భార్యకు చివరిదాకా సేవ చేసి, ఆమె పోయాక కూడా నిలదొక్కుకున్న మగమనిషి ఎవరైనా నీకు తెలుసా అని. ముగ్గురి గురించి చెప్పాను. ఒకాయన ఇప్పటికీ ఏడుస్తూనే ఉంటాడంటే వద్దంది. ఇంకొకాయన అసలు ఏడవనే లేదంటే, ఆయనా వద్దంది. ఈయన్ని రమ్మంది."

"ఎందుకు?"

"మీకు దేనికి కోపమొస్తుందో, ఎలా చెబితే అన్నం తింటారో, అన్నీ ఆయనకు చెప్పి పెట్టింది. మీతో అందామంటే, పోయే మాటే ఎత్తనివ్వరట కదా."

దర్జీ గేటు వైపు చూశాడు.

"తను లేని ఇంట్లో మీరొక్కరే మిగిలిపోకూడదని, మీకోసం ఓ స్నేహితుణ్ణి చూసిపెట్టింది బాబాయ్, పిన్ని."