దీపం నూనె

"దేవుడి గూట్లో ఉండాల్సిన నూనె సీసా నీ చేతికెట్టా వచ్చిందే?"

సత్యనారాయణమ్మ కేకకి జగ్గయ్యపేట బజారులో సగం మంది తలలు తిప్పారు.

బసవమ్మ సీసా అరుగు మీద పెట్టింది. కీసర నుంచి వచ్చి సత్యనారాయణమ్మ ఇంట్లో పనికి కుదిరిన మనిషి. ఊరు పేరు తప్ప ఆమె గురించి ఎవరికీ ఏమీ తెలియదు. అడిగిన వాళ్ళూ లేరు.

ఆ ఏడు మనవరాలు తాయారుకి తట్టు పోసింది. తట్టు తగ్గింది గానీ పిల్లకి రేచీకటి మిగిలింది. సందెవేళకి స్తంభాలకి గుద్దుకునేది.

మునగాకు పెట్టమన్నారు పెద్దవాళ్ళు. సత్యనారాయణమ్మ రోజూ పెట్టింది. అది చాలదన్నట్టు అమ్మవారికి మొక్కుకుంది కూడా. పిల్లకి చూపు వచ్చేదాకా ఇంట్లో తాలింపు వెయ్యదు, నెయ్యి ముట్టనివ్వదు. ఊరందరికీ నూనె అమ్మే ఇల్లు, కూరలో మాత్రం చుక్క లేదు. మునగాకు ఉప్పేసి ఉడకబెట్టడమే. పాలు పిల్లకి సయించవు.

ఈమధ్యే తాయారు సందెవేళ పిల్లిని గుర్తుపట్టింది. మొక్కు ఫలిస్తోందని నాయనమ్మ పొంగిపోతోంది. సరిగ్గా అప్పుడే ఈ దొంగతనం!

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? అమ్మవారి నూనె దొంగిలిస్తే నా పిల్ల కళ్ళు ఏంగాను? నడువు!"

బసవమ్మ గడప దిగి చేతులు జోడించింది.

"పోతానండి. పిల్ల కూరలో మాత్రం కాస్త నూనె పడనివ్వండమ్మా."

"మొక్కు చెడగొట్టమంటావా!"

తలుపు ధడాలున మూసుకుంది. బసవమ్మ కావాలంటూ తాయారు ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

వానలు వెనకబట్టేసరికి పిల్ల ఎడమ కంట్లో తెల్లగా పువ్వు వేసింది. కొడుకు కుటుంబరావు పిల్లని ఎత్తుకుని బెజవాడ ఆసుపత్రికి పరిగెత్తాడు. వెనకే సత్యనారాయణమ్మ.

"మునగాకు మంచిదేనమ్మా," అన్నాడు డాక్టరు. "కానీ ఆకులోది ఒంట్లోకి దిగి ఎ విటమినుగా మారాలంటే కాస్త నూనో నెయ్యో తోడుండాలి. ఆ కన్ను ఇక రాదు. రెండోది కాపాడతాను."

తాయారు మెల్లగా అంది.

"బసవమ్మ నా ముద్దలో నూనె కలిపేది నాయనమ్మా. నీకు చెప్పొద్దంది."

సత్యనారాయణమ్మ గుండె చెరువైంది. పిల్లని కొడుక్కి అప్పగించి బయల్దేరిన ఆవిడ, బస్సు దారిలో కీసరలో ఆగగానే దిగిపోయింది. బసవమ్మ కాళ్ళు పట్టుకుంటే తప్ప ఆవిడకి ముద్ద దిగేలా లేదు.

అడిగి అడిగి ఇల్లు చేరింది. గుమ్మంలో ముప్పై ఏళ్ళ మనిషి కూర్చుని మునగాకు దూస్తోంది. అలికిడి విని తల తిప్పింది.

"ఎవరండీ?"

ఆమె కళ్ళు రెండూ తెల్లగా ఉన్నాయి.

"బసవమ్మ..."

"మా అమ్మండి. పోయిన నెల్లో జొరమొచ్చి పోయింది."

సత్యనారాయణమ్మ ఆమె ఎదురుగా గడప మీద కూర్చుంది.

"నీ కళ్ళు..."

"చిన్నప్పుడు తట్టు పోసి తగ్గాక పోయినయ్యండి," అందామె, ఆకు దూస్తూనే. "నాకు చూపొచ్చేదాకా ఇంట్లో తాలింపు వెయ్యనని మొక్కుకుందండి, పిచ్చితల్లి."