తినకూడని బంటు

"తెల్లవి నావి" అంటూ అడక్కుండానే ఎదురుగా కూర్చున్నాడు ముసలాయన.

సైకాల్ తలెత్తి చూసింది. ఎరగని మొహం. మాసిన కోటు. నోట్లో పొద్దుతిరుగుడు గింజలు.

బిష్కెక్‌లో ట్రాలీబస్సు నడుపుతుంది సైకాల్. మధ్యాహ్నం విరామంలో పార్కులోని చదరంగం బల్ల దగ్గరికి వస్తుంది. నెలాఖరున జరిగే నగర పోటీలకు పేరిచ్చింది.

పదిహేను ఎత్తులకే సైకాల్ రాజుకు ఆట కట్టింది.

"పశువుల కొట్టంలో నేర్చుకున్నావా ఈ ఆట?" ఆయన గింజల పొట్టు ఆమె వైపే ఉమ్మాడు.

చుట్టూ మూగిన మగవాళ్లు పగలబడి నవ్వారు.

మర్నాడూ వచ్చాడు. మళ్లీ అదే దాడి. మొదట్లోనే ఒక బంటును ఎరగా విసురుతాడు. ఆమె తినగానే గుర్రం, ఒంటె, మంత్రి ఒక్కుమ్మడిగా రాజు మీద విరుచుకుపడతాయి.

"తిండిపోతుదానా! ఎర చూస్తే చేప కూడా ఓ క్షణం ఆగుతుంది."

"నోరు అదుపులో పెట్టుకో, పెద్దాయనా."

"ముందు నీ చెయ్యి అదుపులో పెట్టుకో."

పదకొండు రోజులు. పదకొండు ఓటములు.

బస్సు నడుపుతున్నా ఆ గొంతే చెవుల్లో గింగురుమనేది. ఎర్రదీపం పడితే చాలు, మనసులో పావులు కదిపేది. ఆట మీద కంటే ఆ మనిషి మీద కసి పెరిగింది.

పన్నెండో రోజు ఆయన బంటు విసిరాడు.

ఆమె తినలేదు. ముందుకు దూకిన తన గుర్రాన్ని పుట్టిన గడికే వెనక్కి పంపింది.

ఆయన దవడలు ఆగిపోయాయి.

దూకడానికి సిద్ధమైన ఆయన పావులన్నీ దారి లేక ఒకదానికొకటి అడ్డమయ్యాయి. గంట తరవాత ఆయనే తన రాజును పడుకోబెట్టి లేచాడు.

"ఏం తాతా, నోరు పడిపోయిందా? మళ్లీ ఈ ఛాయలకు రాకు!" అని అరిచింది సైకాల్.

ఈసారి మగవాళ్లు ఆయన్ని చూసి నవ్వారు. ఆయన వెనక్కి తిరగలేదు.

మళ్లీ రానూ లేదు.

పోటీల్లో ఆఖరి ఆట బెగిమాయ్‌తో. పంతొమ్మిదేళ్ల పిల్ల, మూడేళ్లుగా ఓటమి ఎరగదు.

"బస్సు డ్రైవరా? టీ చల్లారేలోపు వచ్చేస్తా" అంది స్నేహితురాలితో, సైకాల్‌కి వినబడేలా.

నాలుగో ఎత్తులో బంటు విసిరింది. అదే ఎర. అదే దాడి.

సైకాల్ గుర్రాన్ని వెనక్కి పంపింది.

నలభై ఒకటో ఎత్తుకి బెగిమాయ్ ఓడిపోయింది. చెయ్యి కలపకుండానే లేచింది. కానీ సైకాల్‌ని మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఈ దాడి ఏ పుస్తకంలోనూ లేదు. మా ఇంట్లో పుట్టింది. విరుగుడు నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పార్కులో ఒక ముసలాయన పన్నెండు రోజులు తిట్టి తిట్టి నాచేతే వెతికించాడు."

"మాసిన కోటా?"

"అవును. నీకు తెలుసా? చెప్పు తల్లీ, ఎక్కడుంటాడు? నేను నోరు జారాను. ఒక్కసారి చేతులు పట్టుకోవాలి."

బెగిమాయ్ మెట్టు మీద కూలబడింది.

"గెలుపు నీ నెత్తికెక్కింది, ఈ ఊళ్లోనే ఎవరో ఒకరు దించకపోతే బయటి పోటీల్లో ముక్కలైపోతావు అన్నాడు నాతో. ఆ మాటకే ఏడాదిగా ఆయనతో మాట్లాడటం మానేశాను."

ఆ పిల్ల మొహం తిప్పుకుంది.

"మట్టిచేసి పది రోజులైంది అక్కా, మా నాన్నని."