డిస్‌ప్లే పోయిన ఫోన్

“ఇందుల ఉన్నది బయటికి తియ్యి కొడుకా. నా బిడ్డ దొంగనో కాదో ఇయ్యాల తేలిపోవాలె” అంటూ రాజమల్లు పగిలిన ఫోన్‌ను అద్దాల కౌంటర్ మీద పెట్టాడు.

ఆ కౌంటర్ పెట్టించి పది రోజులే అయింది. కాశిబుగ్గలో చైతన్య నడిపే సెల్ రిపేర్ షాపుకు రాజమల్లు పాత గిరాకీ. పోయిన నెల ఇదే ఫోన్‌కు చార్జింగ్ పిన్ను కూడా ఇక్కడే వేయించుకున్నాడు. ఈసారి వెంట కూతురు అరుణ కూడా వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి.

సంగతి వాడకంతా తెలిసిందే. రాజమల్లు జంపఖానాలు నేస్తాడు. చదువు రాదు. కొత్త డిజైన్ మనసుకు తట్టగానే ఏ రంగు ఎన్ని పోగులో ఫోన్‌లో చెప్పి దాచుకుంటాడు. పుట్టింటికి వచ్చినప్పుడు రికార్డు బటన్ నొక్కి పెట్టేది అరుణ. మగ్గం దిగేదాకా డిజైన్ మూడో మనిషికి తెలియకూడదని ఆ వాడలో కట్టుబాటు. అలాంటిది, ఆయన నేత సగంలో ఉండగానే అచ్చం అదే డిజైన్ పవర్‌లూమ్ మీద నేసి ఎవరో బజార్లో కుప్పలు పోశారు.

అరుణ అత్తగారిది పరకాల. మరిదికి బట్టల దుకాణం ఉంది. ముసలాయనకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కోపం పట్టలేక ఫోన్ ఆమె మీదికి విసిరేశాడు. అది గోడకు తగిలి డిస్‌ప్లే నల్లబడింది.

“నేను ఎవ్వలకూ పంపలేదన్నా” అంది అరుణ. “పంపితే అందులనే ఉంటది గద. జర తీసి సూపియ్యి.”

చైతన్యకు ఆమె మొహం చూడబుద్ధి కాలేదు. ఆశగా వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపాలంటే ఎవరికైనా అంతే.

“ఈ పాత మోడల్‌కు డిస్‌ప్లే దొరుకది కాకా.”

“కంప్యూటర్‌కు వైరు పెట్టి తీస్తరట గద?”

“తీస్తరు. డీబగ్గింగ్ అంటరు దాన్ని. వైరు పెట్టి కమాండ్ కొడితే ఫోన్ల ఉన్నదంత కంప్యూటర్ల కనవడ్తది. కానీ ముందుగాల ఫోన్ అడుగుతది, ఈ కంప్యూటర్‌ను నమ్మాల్నా అని. ఫోన్ మీద ‘సరే’ నొక్కాలె. డిస్‌ప్లేనే లేకపాయె.”

“ఇంకో తొవ్వ లేదా?”

“ఇంతకుముందే ఒకసారి ఇదే కంప్యూటర్‌కు ‘ఎప్పటికీ సరే’ అని నొక్కి ఉంటే మళ్ల అడుగది. లేకుంటే నా చేతుల ఏం లేదు.”

“నా ఫోన్ ఏ కంప్యూటర్ మొఖం సూడలే” అంటూ రాజమల్లు లేచాడు. “ఐతే ఇగ తేలేది లేదు. బస్సెక్కు బిడ్డా. మళ్ల నా గడప తొక్కకు.”

అరుణ ఈసారి ఏడవలేదు. “మంచిది బాపూ. దొంగనే అనుకో” అని షాపు మెట్టు దిగింది.

చైతన్యకు గుండె కలుక్కుమంది. తన నోటి మాటతో ఒక ఆడపిల్లకు పుట్టిల్లు లేకుండా పోతోంది. ఊరుకుంటే ఎవరూ అడగరు. కానీ ఊరుకోవడం తనవల్ల కాలేదు.

“ఆగు చెల్లే. పెట్టి సూద్దాం.”

“కాదంటివి గద?” అన్నాడు రాజమల్లు.

“మీరిద్దరూ ఇటు సూడుండ్రి కాకా.”

మానిటర్‌ను వాళ్ల వైపు తిప్పి వైరు గుచ్చాడు. కమాండ్ కొట్టి, తల దించుకున్నాడు.

ఆ కంప్యూటర్‌ను నమ్మాలా వద్దా అని ఎవరినీ అడగకుండానే, రాజమల్లు ఫోన్ మానిటర్ మీద తెరుచుకుంది.