గురుబారి సాక్ష్యం

“నాకూ గ్లాసులోనే పొయ్యి బాబూ.”

చాచిన పేపరు కప్పును ఆ ముసలామె అందుకోలేదు.

ఒడిశాలోని బిస్సమ్ కటక్‌లో ఆ రోజు వారపు సంత. బజారులో గోవిందరాజులు టీ హోటలు కిటకిటలాడుతోంది. లోపల బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు గాజు గ్లాసులు. ఊరి చివర దళితుల వీధి ‘సాహి’ నుంచి వచ్చేవాళ్ళకు మాత్రం పేపరు కప్పులు. అవి కూడా మెట్ల కింద నిలబడి తాగాలి.

“శుబ్బరంగా ఉంటాదనే ఇస్తన్నానే. తాగి పారెయ్యి,” అన్నాడు గోవిందరాజులు.

“శుబ్బరమైతే లోపలున్నోళ్ళకీ ఇయ్యి. అప్పుడు నేనూ తాగుతాను.”

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

గోవిందరాజులుకు తల కొట్టేసినట్టయింది. ఆమె వయసు కూడా చూడలేదు.

“ఏటే, నాకు రూల్సు సెప్తన్నావు? తాగితే తాగు, నేకపోతే ఎల్లు. బేరం పాడుసెయ్యకు.”

ఆమె వెళ్ళలేదు. ఎండలో అలాగే నిలబడి, సాహి నుంచి టీకి వచ్చిన ప్రతి మనిషితోనూ నెమ్మదిగా ఏదో చెప్పింది. ఆ పూట వాళ్ళెవరూ కప్పు ముట్టుకోలేదు.

తర్వాతి సంతకూ వచ్చింది. ఆ పై సంతకూ వచ్చింది.

“పెద్ద మనిషి. పోనీ, ఓ గ్లాసిచ్చేద్దుమా?” అంది భార్య సూర్యావతి.

“ఈమెకిస్తే రేపు అందరూ అడుగుతారు.”

“అడిగితే ఏటవుతాది?”

గోవిందరాజులు కోపంగా గ్లాసులు కడిగిన నీళ్ళు మెట్ల మీదికి విసిరికొట్టాడు.

అవి ఆమె చీర మీదా పాదాల మీదా పడ్డాయి.

ఆమె తిట్టలేదు. కొంగు పిండుకుంటూ, “ఇది కూడా ఆఫీసుకిచ్చే అర్జీలో రాయిస్తాను బాబూ,” అని మాత్రం అంది.

ఆ నెలలోనే ఇంటి మీదికి మరో కష్టం వచ్చింది.

కూతురు దేవిశ్రీకి కోరాపుట్‌లో నర్సింగు సీటొచ్చింది. నివాస ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసుకు వెళితే గుమస్తా తల అడ్డంగా ఊపాడు.

“మీరు ఆంధ్రావాళ్ళని, ఇవ్వొద్దని ఎవరో రాసిచ్చారు.”

“మా తాత కాలంలో వచ్చేమండి. నేను పుట్టింది ఈ ఊళ్ళోనే.”

“మీ బజారు తెలుగువాళ్ళు చెబితే చాలదు. తరతరాలుగా ఇక్కడున్న మనిషెవరైనా వచ్చి, మీరు ఇక్కడివాళ్ళేనని సాక్ష్యం చెప్పాలి. శుక్రవారం లోపు.”

రోజూ హోటలుకు వచ్చే వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాడు గోవిందరాజులు. ఒకాయన పెళ్ళికి ప్రయాణమన్నాడు. ఇంకొకాయన, “ఇలాంటి వాటిలో నన్ను లాగకు,” అన్నాడు. మూడో ఆయన ఫోనే ఎత్తలేదు.

దేవిశ్రీ అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

“నాన్నా, ఆంధ్రాకెల్తే మనల్ని ఒడిశావోళ్ళంటారు. ఇక్కడ ఆంధ్రావోళ్ళంటన్నారు. మరి మనం ఎక్కడోళ్ళం?”

అతను కంచాన్ని ఆ పిల్ల దగ్గరికి జరిపాడు.

శుక్రవారం గడిచిపోయింది. ఇక ఆశ వదులుకున్నాడు.

సోమవారం గుమస్తా ఫోన్ చేశాడు. “మీ కాగితం వచ్చింది. తీసుకెళ్ళండి.”

గోవిందరాజులు పరుగున వెళ్ళాడు.

“ఎవరండీ సాక్ష్యం సెప్పింది?”

“గురుబారి నాగ్. పాత వార్డు మెంబరు. మీ పని మీద మూడుసార్లు వచ్చింది. మీకు తెలీదా?”

తెలీదు. ఆ పేరే ఎప్పుడూ వినలేదు.

కూతుర్ని కాలేజీలో చేర్చి వచ్చిన మర్నాడే మిఠాయి పొట్లం కట్టించి బయల్దేరాడు. గురుబారి ఇల్లెక్కడని దారిలో అడిగితే, దళితుల సాహి వైపు చెయ్యి చూపించారు.

ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగాడు గానీ ఆ వీధిలో అడుగు పెట్టడం అదే మొదలు.

చివరి ఇంటి గుమ్మంలో ఒక నడివయసు మనిషి బియ్యం ఏరుతోంది. ఆమె వెనక, గోడకు దండ వేసిన ఫోటో.

ఫోటోలో గ్లాసడిగిన ముసలామెను చూసి గోవిందరాజులు ఉన్నచోటే ఆగిపోయాడు.

“టీ హోటలు బాబు కదా?” అంటూ ఆమె లేచింది. “గురుబారి మా యమ్మే. నాను సొమారిని. అమ్మ పోయి పదకొండు రోజులైంది.”

“నాకు... ఆవిడ పేరు తెల్దమ్మా.”

“ఎప్పుడూ అడగనేదు కదా,” అంది సొమారి. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి.

చేతిలో పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“జొరంతోనే ఎల్లింది ఆఫీసుకి. వద్దంటే ఇన్నేదు. మీ హోటలు మీద అర్జీ ఇయ్యడానికే ఎల్లింది. అక్కడ మీ అమ్మి సదువు కాయితం ఆగిపోనాదని ఇన్నాది.”

“మరి నాకెందుకు సాక్ష్యం సెప్పింది?”

“ఆఫీసోళ్ళూ అదే అడిగేరంట. అర్జీ ఈయన మీదే ఇచ్చి, సాక్ష్యం ఈయనకే సెప్తావేటని.”

“ఏటందమ్మా?” అన్నాడు గోవిందరాజులు.

సొమారి తల్లి ఫోటో వైపు ఒకసారి చూసింది.

“‘నా తగువు మా ఊరోడితోటే గానీ, పరాయోడితో కాదు’ అని రాయించి, ఏలిముద్రేసింది.”