దూత ఎటు పోయినట్టు?

"సాంబయ్య వాళ్ల మందిరం ఇదేనా చెల్లే?"

నల్లా దగ్గర గిన్నెలు కడుగుతున్న మమతారాణి తలెత్తింది.

గేటు పట్టుకుని ఎవరో నిలబడి ఉన్నాడు. ఒంట్లో కండ లేదు. చొక్కా ఎవరిదో అడిగి తొడుక్కున్నట్టు వేలాడుతోంది. గేటు వదిలితే పడిపోయేలా ఉన్నాడు.

"ఏ సాంబయ్య?" అంది.

అడిగిందే గానీ తెలియక కాదు. సాంబయ్య ఆమె భర్త.

గల్ఫ్‌లో టిప్పర్ కింద పడి ఒక మనిషి చచ్చిపోతే సాంబయ్యను జైల్లో వేశారు. చెన్నూరులో ఈ రేకుల మందిరమంతా అతని కోసం ఉపవాసాలుండి ప్రార్థన చేసింది. ఒకరోజు ఉన్నట్టుండి వదిలేశారు. ఎలా వదిలారని ఎవరడిగినా, "దేవుడు దూతను పంపిండు" అంటాడు సాంబయ్య. సంఘానికి ఆ మాట చాలు. అప్పటినుంచి ఏటా ఎండాకాలంలో ఒక ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టి అందరికీ భోజనాలు పెడుతున్నారు. ఈరోజు అదే.

భార్యతో మాత్రం ఇంకో మాట కూడా చెప్పాడు. "కొత్తోళ్లు ఎవలన్న వచ్చి అడిగితే లేడని చెప్పు. గా కేసు మళ్ల లేస్తే నన్ను తీస్కపోతరు."

ఎందుకని ఆమె అడగలేదు. పోయాడనుకున్న మొగుడు తిరిగొచ్చాడు, అదే పదివేలు.

లోపల మైకులో పాస్టరు పర్శరాములు అయ్యగారి గొంతు మోగుతోంది.

"హేరోదు రాజు యేసయ్య శిష్యుడు పేతురును సంకెళ్లేసి చెరల పెట్టిండు. సంఘం ఏం జేసింది? ప్రార్థన జేసింది. దూత వచ్చిండు. సంకెళ్లు ఊడిపడ్డయి. ఇనుప తలుపు దానంతట అదే తెర్సుకున్నది."

"ఇక్కడ సాంబయ్య ఎవలు లేరు" అంది మమతారాణి.

"గట్లనే మన సాంబయ్యకు గూడ" అన్నారు అయ్యగారు మైకులో.

గేటు దగ్గరి మనిషి మైకు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. కోపం రాలేదు సరికదా, నవ్వాడు.

"మంచిదే చెల్లే. ఎవలడిగినా గట్లనే చెప్పు."

ఆ నవ్వుకు ఆమె ఇంకా బెదిరింది.

"హర్షిణి ఏం సదువుతున్నది?"

ఆమె చేతిలో గిన్నె జారింది. బిడ్డ పేరు కూడా తెలుసుకుని వచ్చాడు.

"ఏ హర్షిణి? గా పేరుగలోళ్లు మాకెవలు తెల్వరు."

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. పాపం, మమతారాణి కీడు దగ్గరే ఆగిపోయింది.

"జర నీళ్లియ్యి."

గ్లాసు ఇచ్చింది. సగం నీళ్లు చొక్కా మీదే పోసుకున్నాడు.

"భైంసా నుంచి బస్సులు మారుకుంట వచ్చిన. పానం బాగలేదు. జరసేపు నీడకు కూసుంటా?"

"జాగ లేదు. మంది ఎక్కువున్నరు. బస్టాండుల కూసోపో, నీడుంటది."

లోపల మైకు చేతులు మారింది. సాంబయ్య సాక్ష్యం మొదలుపెట్టాడు. "నన్ను ఇడిపించిన దేవునికి వందనాలు..."

గేటు దగ్గరి మనిషి కళ్లు మూసుకుని విన్నాడు.

"గొంతు మారలే" అన్నాడు తనలో తాను.

తర్వాత ఆమెను అడిగాడు.

"పేతురును బయట ఇడిసిపెట్టినంక గా దూత ఎటు పోయినట్టు?"

"పైకి పోయింటడు. దూతలు ఉండేది ఆడనే గదా." ఆమెకు విసుగొచ్చింది.

"గట్లనా" అని, గేటు వదిలి, గోడ పట్టుకుంటూ ఎండలోకి నడిచాడు.

గండం గడిచింది అనుకుంది మమతారాణి.

అంతలోనే మనసు పీకింది. ఎవరైతేనేం, తిండి వేళకు గుమ్మంలోకి వచ్చినవాడు. ప్లేట్లో అన్నం పెట్టుకుని గేటు దాకా వెళ్లింది. వీధిలో ఎవరూ లేరు.

బైబిల్లో ఆ పేతురు అధ్యాయంలోనే ఇంకో సంగతి ఉంది. చెర నుంచి వచ్చిన పేతురు తలుపు తట్టితే, లోపల ప్రార్థన చేస్తున్నవాళ్లు నమ్మక అతన్ని బయటే నిలబెట్టారు. అయ్యగారు అంతదాకా వెళ్లలేదు. అన్నం చల్లారిపోతోంది మరి.

భోజనాల బంతి సగంలో ఉండగా ఆటో కొండల్ వచ్చాడు.

"అయ్యగారూ, బస్టాండుల ఎవలో పడిపోయి సచ్చిపోయిండు. మన మందిరానికి తొవ్వ అడిగిండట. జర వచ్చి సూడుండ్రి."

సాంబయ్య ఎంగిలి చేత్తోనే లేచాడు. మమతారాణి వెనకే నడిచింది.

సిమెంటు బల్ల మీద పడుకోబెట్టి ముఖం మీద తువ్వాల కప్పారు. సాంబయ్య తువ్వాల తీశాడు. తీసిన చేయి అలాగే ఉండిపోయింది.

"ఓంప్రకాశన్నా" అన్నాడు.

"మందిరం కాడికి వచ్చిండు" అంది మమతారాణి. "నిన్ను అడిగిండు. నువ్వు చెప్పినట్టే లేవని చెప్పిన."

సాంబయ్య బల్ల పక్కన నేల మీద కూలబడి ఆ పాదాలు రెండూ ఒళ్లోకి తీసుకున్నాడు.

"టిప్పర్ నడిపింది నేనే మమతా" అన్నాడు. "'నీకు బిడ్డున్నది, నాకెవలున్నరు' అని, నడిపింది తనేనని ఒప్పుకొని, నేను బయటికొచ్చిన తలుపులకెల్లే ఈ అన్న లోపటికి పోయిండు."