అడగాల్సింది నువ్వు

"నేనొప్పుకోను," అంది బున్నమ్ మామ్మ.

బల్ల చుట్టూ కూర్చున్న డాక్టర్లు నిట్టూర్చారు.

బుసాన్ నగరంలోని ఆ పెద్ద ఆస్పత్రిలో మనుషులతో సంబంధం ఉన్న ఏ పరిశోధనకైనా ముందు ఈ కమిటీ ఒప్పుకోవాలి. అందులో అందరూ డాక్టర్లే, బున్నమ్ మామ్మ తప్ప. ఆవిడ చేపల బజారులో ఎండు నెత్తళ్ళు అమ్ముతుంది. కమిటీలో బయటి మనిషి ఒకరుండాలట.

"ఎందుకొప్పుకోరు మామ్మగారూ?" సొరిన్ గొంతులో అప్పటికే వేడి పుట్టింది.

పరిశోధన ఆమెది. మెదడుకి రక్తం ఆగిపోయి పక్షవాతం వస్తే, అక్కడి కణాల్లో ప్రోటీన్లు ఎలా మారతాయో వెతకడమే ఆమె పని. ఎలుక మెదడు కణాలను గాజు గిన్నెల్లో పెంచి, వాటికి గాలీ చక్కెరా ఆపేసి, ఏ ప్రోటీన్ పెరుగుతోందో ఏది తరుగుతోందో చూస్తూ ఏళ్ళు గడిపింది.

చివరికి ఒకటి దొరికింది. అది పెరిగిన కణాలు చావడం లేదు.

మనిషి కణాల్లోనూ అంతేనా? అది తేలితే మందు వైపు దారి పడుతుంది. అందుకు పక్షవాతం రోగుల తలకి ఆపరేషన్ చేసేటప్పుడు తీసేసే మెదడు ముక్క కావాలి.

"పారేసేదే కదా మామ్మగారూ. చెత్తలోకి పోయేది నాకిమ్మంటున్నాను."

"పారేసే ముందు ఇంట్లోవాళ్ళని అడుగు."

"వాళ్ళు ఏడుస్తుంటారు. అడిగే సమయమా అది?"

"కొయ్యడానికి సమయమైతే అడగడానికీ సమయమే."

"డాక్టరు కత్తి పట్టుకుంటాడా, వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాడా?"

"డాక్టర్నెవరు అడగమన్నారు? కావలసింది నీకు. అడగాల్సింది నువ్వు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సొరిన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఇది నెత్తళ్ళు అమ్మినంత తేలిక కాదు మామ్మగారూ!"

"నెత్తళ్ళు కూడా అడక్కుండా ఎవరూ పట్టుకుపోరమ్మాయ్."

అందరూ సరేనంటేనే సంతకం పెట్టడం ఆ కమిటీ పద్ధతి. కాగితాలు వెనక్కొచ్చాయి.

తర్వాతి సమావేశానికి సొరిన్ ఒక్క అక్షరం మార్చకుండా తీసుకొచ్చింది.

మామ్మ కూడా ఒక్క అక్షరం మార్చలేదు. "ఒప్పుకోను."

"కాస్త సర్దుకుపోండి," అన్నాడు పెద్ద డాక్టరు.

"నన్ను తీసేసి సర్దుకోండి. నేనుండగా మాత్రం చెయ్యెత్తను."

ఇక గత్యంతరం లేక, ప్రతి రోగి ఇంటివాళ్ళనీ తానే స్వయంగా అడుగుతానని రాసిచ్చింది సొరిన్.

అందరికంటే ముందు లేచిన చెయ్యి మామ్మదే.

"మొండి ముసల్ది," అని గొణుక్కుంది సొరిన్, వినపడితే వినపడనీ అని.

అడగడమంటే ఏమిటో ఆపరేషన్ గది బయట తెలిసింది.

ఒక కొడుకు మీదికొచ్చాడు. "మా నాన్న బతికుండగానే వాటాలేస్తున్నారా?"

ఇంకో ఇంటి ఇల్లాలు తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగిపోయింది.

సొరిన్ మామ్మని తిట్టుకుంటూ మెట్లు దిగేది. మళ్ళీ ఆపరేషన్ కబురొస్తే మళ్ళీ ఎక్కేది. ఆ ముసల్దానిముందు ఓడిపోయానని మాత్రం ఒప్పుకోదు.

చలికాలం వచ్చింది. ఒక ఉదయం మళ్ళీ కబురు. ఎవరికో మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయిందట. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నారు.

బయట బెంచీమీద ఒకామె కూర్చుని ఉంది. కాళ్ళకి రబ్బరు బూట్లు, నడుముకి తడి ఏప్రన్. పని మధ్యలోంచి పరుగెత్తుకొచ్చినట్టుంది.

సొరిన్ వెళ్ళి ఆమె ముందు నిలబడింది.

"ఈ సమయంలో అడగకూడదు. క్షమించండి. ఒక్క మాట..."

ఆమె తలెత్తింది. "మెదడు ముక్క కోసమా?"

సొరిన్ ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"అమ్మ చెప్పి ఉంచింది. 'నాకేమన్నా అయితే ఒక కోపిష్టి పిల్ల వచ్చి అడుగుతుంది కిసున్. అడిగితే ఇచ్చెయ్. అడక్కుండా పట్టుకుపోతే మాత్రం ఒక్కణ్ణీ వదలకు' అంది."

సొరిన్ చప్పున ఆపరేషన్ గది తలుపు పక్కన రోగి పేరు రాసిన బోర్డు వైపు చూసింది.

తక్ బున్నమ్.

తలుపులు మూసుకున్నాయి. మామ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఆవిడిచ్చిన ముక్కని సొరిన్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. కణాలను తనే విడదీసింది, తనే కాపలా కాసింది. చాలావరకు చచ్చిపోయాయి. కొన్ని మాత్రం, గాలి ఆపినా చక్కెర ఆపినా, చచ్చేది లేదని భీష్మించుకుని కూర్చున్నాయి. వాటి నిండా అదే ప్రోటీన్.

సొరిన్ నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

చలి తగ్గాక చేపల బజారుకి వెళ్ళింది. కిసున్ నెత్తళ్ళు ఏరుతోంది. జరిగిందంతా సొరిన్ ఆమెకి చెప్పింది.

"ఆవిడ ఉంటే ఏమనేవారంటారు?"

"'సరేలే, వచ్చేసారి కూడా అడుగు' అనేది."

ఇద్దరూ నవ్వారు. కిసున్ ఒక పొట్లం కట్టి, వద్దన్నా వినకుండా సొరిన్ చేతిలో కుక్కింది.

"అంతమంది డాక్టర్ల మధ్య ఆవిడకి ఏనాడూ జంకు కలగలేదా? అసలు మా కమిటీలో ఆ కుర్చీ ఆవిడకెవరిచ్చారు?" అడిగింది సొరిన్.

కిసున్ చేతులు ఆగాయి.

"ఇవ్వడమేమిటమ్మా! మా తమ్ముడు అక్కడే పోయాడు, వాడి మెదడు మమ్మల్ని అడక్కుండానే తీసి దాచుకున్నారని తెలిసిన రోజున నెత్తళ్ళ గంపతో సహా వెళ్ళి మీ ఆస్పత్రి గేటు ముందు బైఠాయించింది, బయటి మనిషికి అక్కడొక కుర్చీ వేసేదాకా లేవలేదు మా అమ్మ."